‘ఊ’ అన్నవాడి పూచీ

పొద్దున్న ఆరున్నర గంటలు. పలాస ఊరి చివర ఉన్న డయాలసిస్ కేంద్రం ముందు ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. దిగుతున్నవాళ్ళంతా ఉద్దానం పల్లెలవాళ్ళే. తెల్లవారుజామునే లేచి, రెండు ముద్దలు తిని, వారానికి మూడుసార్లు ఇలా వస్తారు. ఒంట్లో రక్తం మిషన్లోకి పోయి, శుభ్రపడి, మళ్ళీ ఒంట్లోకి రావాలి. అందుకు నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవాళ్ళు కొబ్బరినీళ్ళు గొంతులో పోసుకోకూడదు. జీడితోటలకు కాపలా కాసినవాళ్ళు ఒక్క పలుకు నోట్లో వేసుకోకూడదు. వాళ్ళ కష్టం ఎంత చెప్పినా తక్కువే.

అయితే ఈ కథలో నేను చెప్పబోయేది ఆ జబ్బు సంగతి కాదు. దాని మీద చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను చెప్పేది ఇంకో జబ్బు గురించి. దానికి రక్తపరీక్ష లేదు, అది తనకుందని ఒప్పుకునేవాడూ లేడు. అది మీ జేబులో ఉంది, నా జేబులోనూ ఉంది. ఈ నాలుగు పేజీలు చదివేలోపు మీరు దాన్ని ఎన్నిసార్లు బయటికి తీస్తారో చూసుకోండి. నాతో చెప్పక్కర్లేదు.

మణిదీప్‌ది పలాస దగ్గర సుమ్మాదేవి అనే ఊరు. ఇరవై ఆరేళ్ళవాడు. డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చదివి నాలుగేళ్ళుగా ఈ కేంద్రంలో పనిచేస్తున్నాడు. అతను చెడ్డవాడని ఎవరన్నా అంటే నేనే ఒప్పుకోను. అతను సూది పెడితే చీమ కుట్టినట్టయినా ఉండదని రోగులు అతని డ్యూటీ ఎప్పుడా అని అడిగి మరీ వచ్చేవాళ్ళు. మగవాళ్ళను మావయ్యా అని, ఆడవాళ్ళను అత్తా అని పిలిచేవాడు. వాళ్ళ చేతిమీద ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోట ఒక అదురు ఉంటుంది. ఆ అదురు ఉన్నంతకాలమే ఆ చెయ్యి డయాలసిస్‌కి పనికొస్తుంది. రోజూ పొద్దున్నే దానిమీద వేలు పెట్టి చూసుకోమని ప్రతి ఒక్కరికీ అతనే నేర్పాడు. ఎలా ఉండాలి బాబూ అంటే, జేబులో ఫోను అదిరినట్టుండాలి మావయ్యా అని చెప్పేవాడు. ఆ పోలిక అందరికీ ఇట్టే అర్థమయ్యేది.

కేంద్రంలో ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ ఎక్కేముందు సిబ్బంది తమ ఫోన్లు ఒక స్టీలు డబ్బాలో వేసి హెడ్ నర్సు ప్రమోదిని బల్ల మీద పెట్టాలి. ప్రమోదిని ఇచ్ఛాపురం మనిషి. రోజూ రైల్లో వచ్చేది. ఆ డబ్బా ఆమె పెట్టిన నియమమే. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత పైఆఫీసువాళ్ళు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి, షిఫ్టు మొదలైనప్పుడు ఒక ఫొటో, మిషన్లు కడిగినప్పుడు ఒక ఫొటో, రోగులు వెళ్ళినప్పుడు ఒక ఫొటో పంపాలన్నారు. ఫొటో తియ్యాలంటే ఫోను చేతిలో ఉండాలి కదా. అలా ఒక్కొక్కరి ఫోనూ డబ్బాలోంచి బయటికొచ్చింది. చివరికి ఆ డబ్బాలో దూదిచుట్టలు దాచుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ నియమాన్ని తీసేయలేదు. అదే పోయింది.

ఆ రోజు మణిదీప్ ఉదయం నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. దానికి కారణం ఒక చిన్న వీడియో. ముందురోజు సాయంత్రం డ్యూటీ దిగి సముద్రం ఒడ్డుకు వెళ్ళాడు. కొబ్బరిచెట్ల మధ్య నుంచి పడవలు ఒడ్డుకొస్తుంటే ఫోనులో తీసి నెట్‌లో పెట్టాడు. అంతకుముందు అతను పెట్టినవి నూరుమంది చూస్తే గొప్ప. ఇది తెల్లారేసరికి నలభైవేలమంది చూశారు. ఎవరెవరో ఊరూపేరూ తెలియనివాళ్ళు మెచ్చుకుంటున్నారు. కుర్రవాడికి కాళ్ళు నేలమీద నిలవలేదంటే తప్పు పట్టలేం. జేబులో ఫోను అదిరినప్పుడల్లా చెయ్యి దానంతటదే పోతోంది. అదరకపోయినా తొడమీద అదిరినట్టే ఉంటోంది. తీసి చూస్తే ఏమీ ఉండదు. లోపల పెడితే మళ్ళీ అదిరినట్టుంటుంది.

అలాంటి పొద్దున రామూర్తి వచ్చాడు.

రామూర్తిది సముద్రానికి దగ్గర్లోని ఊరు. ఏభై ఎనిమిదేళ్ళు. సొంతానికి కాసిని కొబ్బరిచెట్లూ, ఓ ముక్క జీడితోటా ఉన్నాయి. జబ్బు పడేదాకా ముప్పయ్యేళ్ళు ఊళ్ళో అందరి చెట్లూ ఎక్కి గెలలు దింపినవాడు. భార్య జగదాంబ ఆయనతో పాటే వచ్చి, నాలుగు గంటలూ బయట వరండాలో కూర్చుంటుంది. ఆవేళ రామూర్తి భుజానికి తువ్వాలుతో కట్టిన మూట ఒకటి వేలాడుతోంది. అందులో ఇంట్లో కొట్టిన జీడిపప్పూ, రెండు కురిడీ కొబ్బరికాయలూ ఉన్నాయి. మణిదీప్ అక్క పురిటికి పుట్టింటికి వచ్చిందని అంతకుముందు వారం మాటల్లో విన్నాడు. తాను తినకూడనిదైతేనేం, పిల్లకి బలమని మోసుకొచ్చాడు.

అక్కడ మొదట చేసే పని తూకం. ఈ జబ్బువాళ్ళకు తాగిన నీళ్ళు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. నీళ్ళు లేనప్పుడు మనిషి ఎంత బరువుండాలో డాక్టరు ముందే రాసి పెడతాడు. రామూర్తికి అది ఏభై రెండు కిలోలు. తూకంలో దానికన్నా ఎంత ఎక్కువొస్తే అన్ని లీటర్ల నీళ్ళు మిషన్ చేత లాగించాలి. అందుకే ఆ తూకం దగ్గర పొరపాటు జరగకూడదు.

మణిదీప్ షిఫ్టు ఫొటో తీసి గ్రూపులో పంపాడు. పంపి ఊరుకుంటే ఈ కథే లేదు. పనిలో పనిగా వేలు పక్కకు జరిగింది. నలభై నాలుగు వేలు. ఎవరో కువైట్ నుంచి, ఇది మా ఊరి రేవు, ఏడుపొచ్చింది అన్నా, అని రాశారు. మణిదీప్ దానికి జవాబు కొడుతున్నాడు. సరిగ్గా అప్పుడు రామూర్తి తూకం ఎక్కాడు.

"బాబూ, మూట బుజానే ఉండిపోనాది. దాంతోనే ఎక్కీసినాను. తగ్గించి రాసుకో."

"ఊఁ" అన్నాడు మణిదీప్.

ఆ మాట అతని చెవిని తాకింది గాని లోపలికి పోలేదు. తల ఎత్తి తూకం అంకె మాత్రం చూశాడు. ఏభై అయిదున్నర. రాసేశాడు.

రామూర్తికి ఆ ‘ఊ’ చాలు. ఎందుకు చాలో మీకు చెప్పాలి. కొబ్బరిచెట్టు ఎక్కినవాడికి చెట్టు మొదలు కనిపించదు, మట్టలు అడ్డం. గెల నరికేముందు పైనుంచి ఒక కేక వేస్తాడు. కింద ఒక మనిషి ఉంటాడు. వాడి పని చుట్టూ చూడటం. పిల్లలు గాని, పశువులు గాని, దారినపోయేవాళ్ళు గాని ఎవరూ లేరని చూసుకుని ‘ఊ’ అంటాడు. అది వినబడ్డాకే పైన కత్తి పడుతుంది. రామూర్తి ముప్పయ్యేళ్ళలో ఏ కొన్ని వేల గెలలు నరికాడో, ఒక్కసారి కూడా ‘ఊ’ వినకుండా నరకలేదు. ఒకసారి అన్నాక మళ్ళీ అడగనూ లేదు. అడిగితే కిందివాడిని అవమానించినట్టే. వాళ్ళ ఊళ్ళో పాపారావని ఒకడు ఎప్పుడో పేకముక్కలు చేతిలో పట్టుకుని, చూడకుండానే ‘ఊ’ అన్నాడు. గెల వెళ్ళి వాడి తమ్ముడి భుజం మీదే పడింది. తమ్ముడి చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. ఆ తర్వాత పాపారావును ఊళ్ళో ఎవరూ చెట్టు కింద నిలబడనివ్వలేదు.

చూడని ‘ఊ’ అంత పని చేస్తుందని ఉద్దానంలో ఏ కొబ్బరిరైతును అడిగినా చెబుతాడు. రామూర్తి మూటను మంచం కింద పెట్టి, నిశ్చింతగా పడుకుని చెయ్యి చాపాడు.

మూడున్నర లీటర్లు. మణిదీప్ మిషన్లో అదే అంకె పెట్టాడు. ఆయన కాగితాల్లో ఒక్క పేజీ వెనక్కి తిప్పి ఉంటే చాలు. రామూర్తి రెండేళ్ళుగా నీళ్ళు గుక్కలు లెక్కబెట్టుకుని తాగే మనిషి. ఏనాడూ ఆయనకు రెండు, రెండుంబావు మించలేదు. ఏటి మావయ్యా, ఈసారి ఇన్ని నీళ్ళు తాగేసినారేటి, అని నవ్వుతూ అడిగి ఉన్నా చాలు. మామూలు రోజైతే అడిగేవాడే. ఆ రోజు పేజీ తిప్పాల్సిన వేలు వేరే చోట తిరుగుతోంది.

మొదటి గంట గడిచింది. బీపీ చూసి రాశాడు, బాగానే ఉంది. రెండో గంటలో ఆ వీడియోను ఎవరో తమ పేరు పెట్టుకుని వేరే చోట వేసుకున్నారని ఒక స్నేహితుడు మెసేజ్ పెట్టాడు. మణిదీప్ ఒళ్ళు మండింది. వాడెవడో పట్టుకోవాలి, నిలదీయాలి. మంచాల మధ్య నడుస్తూనే వెతుకుతున్నాడు. మిషన్ ఒకటి రెండుసార్లు కూసింది. చూడకుండానే బొటనవేలితో నొక్కి ఆపేశాడు. గంట దాటుతోందని గుర్తొచ్చి, రామూర్తి కాగితంలో రెండో గంట గడిలో మొదటి గంట బీపీకి నాలుగైదు అంకెలు అటూ ఇటూ చేసి రాసేశాడు. బీపీ యంత్రం బొత్తాం అతనికి మూరెడు దూరంలోనే ఉంది.

రామూర్తి ఆవలించాడు. మళ్ళీ ఆవలించాడు. అలా అదేపనిగా ఆవలింతలొస్తున్నాయంటే బీపీ పడిపోతోందని గుర్తు. కోర్సులో మొదటి నెలలోనే చెబుతారు. మణిదీప్ తలెత్తి చూసి, మావయ్యకి నిద్రొస్తోంది పాపం అనుకున్నాడు. మళ్ళీ తల దించుకున్నాడు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో పక్క మంచం మీద ఆవిడ కేక పెట్టింది. చూసేసరికి రామూర్తి ఒళ్ళంతా చెమట. కాళ్ళు కొయ్యబారిపోయి, కళ్ళు తేలేసి, తల పక్కకు వాలిపోయింది. మణిదీప్ చేతిలోంచి ఫోను జారి నేలమీద పడింది. ప్రమోదిని పరుగున వచ్చి నీళ్ళు లాగడం ఆపింది, మంచం కాళ్ళవైపు పైకెత్తింది, సెలైన్ వదిలింది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టింది. బీపీ అరవై. గోడమీది ఫోనుతో పై అంతస్తులో ఉన్న డాక్టరును పిలిచింది. మణిదీప్ చేతులు తెలిసిన పని తెలిసినట్టే చేశాయి.

పావుగంట గడిచింది. ఆ పావుగంట ఎంత పొడుగో వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ జగదాంబను అడగాలి. చివరికి రామూర్తి కనురెప్పలు కదిలాయి. బీపీ మెల్లగా తొంభైకి ఎక్కింది.

డాక్టరు కాగితం చూశాడు. తూకం సరిగ్గానే రాసి ఉంది, మొదటి గంట, రెండో గంట బీపీ నిక్షేపంగా ఉంది. మరి ఉన్నట్టుండి ఇంతగా ఎందుకు పడిపోయినట్టు? డయాలసిస్ ఉన్న రోజు పొద్దున బీపీ మాత్ర వెయ్యకూడదని ముందే చెప్పి ఉంది. బయటికెళ్ళి జగదాంబను అడిగాడు, మాత్ర వేశావా అని. పెద్దడాక్టరు అంత గట్టిగా అడిగితే ఆమెకు తన మీదే నమ్మకం పోయింది.

"ఏసినానేమో బాబూ. సీకట్లో లేసినాను. ఏటిచ్చినానో నాకే తెల్దు."

డాక్టరు కేకలేశాడు. మనిషి ప్రాణం పోయేది, నీ చేతులారా చేసేదానివి అన్నాడు. ఆయన్నీ తప్పు పట్టలేం, ఆయన ముందున్న కాగితం అదే చెబుతోంది. జగదాంబ గోడకు చేరగిలబడి నుదురు కొట్టుకుంటూ కూర్చుంది.

తలుపు దగ్గర నిలబడి మణిదీప్ అంతా విన్నాడు. రెండో గంట అంకె తాను చూసి రాసింది కాదని అతనికి తెలుసు. అయినా చెప్పలేదు. మాత్రే కారణమై ఉంటుందని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. నేను బీపీ చూసినా మహా అయితే కాస్త ముందు తెలిసేది అనుకున్నాడు. లోపలికి నడిచాడు, బయటికి నడిచాడు. జేబులో ఫోను అదురుతూనే ఉంది. ఇప్పుడు దాన్ని తీయాలంటే భయమేసింది.

అప్పుడు రామూర్తికి పూర్తిగా తెలివొచ్చింది. జగదాంబను లోపలికి రానిచ్చారు. ఆయన గొంతు చాలా నీరసంగా ఉంది. అయినా మొదట అడిగింది మూట గురించి.

"మంచం కింద మూటుంది, మణిబాబుకిచ్చీ. ఆల్లక్క పురిటికొచ్చింది కదా. తూకం కాడ బుజానే ఉండిపోనాది గాని పర్లేదు. బాబుకి సెప్పీసినాను, తగ్గించీసుంటాడు."

మణిదీప్ ఆ మంచం వెనకే నిలబడి ఉన్నాడు. ఏ మూట? ఎప్పుడు చెప్పాడు? గుర్తుచేసుకోబోతే కువైట్ మనిషి రాసిన మాటలు గుర్తొస్తున్నాయి గాని, రామూర్తి మాట ఒక్కటీ గుర్తు రాలేదు. తాను ‘ఊ’ అన్నట్టు మాత్రం లీలగా తెలుస్తోంది. జగదాంబ కళ్ళు తుడుచుకుంటూ మూట తెచ్చి అతని చేతిలో పెట్టింది. నీ కోసమే మోసుకొచ్చినాడు బాబూ అంది. దాన్ని తీసుకెళ్ళి, ఎవరూ చూడకుండా అదే తూకం మీద పెట్టాడు. ఒక కిలో నాలుగు వందల గ్రాములు.

అంటే ఆ మనిషి ఒంట్లో ఉన్న నీళ్ళు రెండు లీటర్ల చిల్లరే. తాను లాగమన్నది మూడున్నర. లేని నీళ్ళ కోసం మిషన్ ఆయన రక్తాన్ని పిండింది. తన అక్క కోసం తెచ్చిన జీడిపప్పు బరువుకు సరిపడా పిండబోయింది.

చదువరులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ సంగతి ఆ గదిలో మణిదీప్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. మూటను సంచిలో వేసుకుని ఇంటికి పోతే అక్కడితో సరి. కాగితం శుభ్రంగా ఉంది. తప్పు మీద వేసుకోవడానికి ఒక ఆడమనిషి సిద్ధంగా ఉంది. ఉద్యోగం, పరువు, నలభై ఏడు వేలమంది చూసిన వీడియో, అన్నీ పదిలం. అలా ఇంటికి పోయినవాళ్ళు మనలో లేరా? రాసిన అంకె చాటున, పంపిన ఫొటో చాటున దాక్కున్నవాళ్ళు లేరా?

మణిదీప్ చాలాసేపు ఆ తూకం దగ్గరే నిలబడ్డాడు. కాసేపు కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. వరండాలోకి చూస్తే జగదాంబ మాత్రల అట్ట ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ గడులు వేలితో తడుముతూ ఏదో గొణుక్కుంటోంది. నిన్నటిది ఇది, మొన్నటిది ఇది, మరి ఇదెప్పటిది అని తనను తానే అడుగుతోంది. ఇక ఆ కుర్రవాడు తట్టుకోలేకపోయాడు. మూట పట్టుకుని తిన్నగా డాక్టరు గదికి వెళ్ళాడు. ప్రమోదిని కూడా అక్కడే ఉంది.

"అత్త తప్పేం లేదు సార్. మాత్ర వల్ల కాదు, నా వల్ల."

మూట బల్ల మీద పెట్టి అంతా చెప్పాడు. వినకుండా ‘ఊ’ అన్నది, పేజీ తిప్పనిది, బీపీ చూడకుండా రాసింది, ఆవలింతలు చూసి నిద్రనుకున్నది, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ జేబులో ఫోను అదురుతూనే ఉంది. చివరికి తీసి ఆపేసి, దాన్నీ బల్లమీదే పెట్టాడు.

డాక్టరు లేచి వరండాలోకి వెళ్ళాడు. జగదాంబ ముందు నిలబడి, అమ్మా, ఇది మీ మాత్ర వల్ల జరగలేదు, నేను తొందరపడి మాటన్నాను, మన్నించండి అన్నాడు. ఆ మాట ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అట్టను గుండెకు అదుముకుని భోరున ఏడ్చింది.

ప్రమోదిని మణిదీప్‌తో ఒక్క మాటే అంది.

"ఇప్పుడే చెప్పావు కాబట్టి నీ తరఫున మాట్లాడతాను. ఆవిడ ఇంటికెళ్ళాక చెప్పి ఉంటే మాట్లాడేదాన్ని కాదు."

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. తప్పు ఒప్పుకున్నాడు, పెద్దాయన బతికాడు, అందరూ ఇళ్ళకు పోయారు అని రాసుకోవచ్చు. కాని పనిలో జరిగిన తప్పు, ఒప్పుకున్నంత మాత్రాన తిరిగి ఒప్పయిపోదు. మర్నాడు తెల్లవారి జగదాంబ అలవాటు ప్రకారం భర్త మోచేతి దగ్గర వేలు పెట్టి చూసింది. అదురు లేదు. ఇంకో వేలు పెట్టింది. లేదు. బీపీ అంతగా పడిపోయినప్పుడు ఆ నాళంలో రక్తం గడ్డకట్టింది. విశాఖపట్నం వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని, ఆర్నెల్లు ఓపిక పట్టి తయారుచేసుకున్న చెయ్యి ఒక్క పూటలో పోయింది. డయాలసిస్ కోసం మెడలోకి గొట్టం వేశారు. రెండో చేతికి మళ్ళీ ఆపరేషన్ చేసి, అది పనికొచ్చేదాకా ఆ గొట్టంతోనే గడపాలి. తల మీంచి నీళ్ళు పోసుకోకూడదు, ఆ పక్కకు తిరిగి పడుకోకూడదు. ముప్పయ్యేళ్ళు చెట్లెక్కిన మెడ అది.

మణిదీప్‌ని మిషన్ల దగ్గర నుంచి తప్పించి నెలరోజులు స్టోరు గదిలో వేశారు. జీతం కోత, సంజాయిషీ, అన్నీ అయ్యాయి. అవి అతన్ని పెద్దగా బాధించలేదు. కేంద్రానికి తీసుకొచ్చినప్పుడు రామూర్తి చేతిమీద తానూ వేలు పెట్టి చూస్తే అదురు తగలకపోవడం మాత్రం మరిచిపోలేకపోయాడు. స్టోరు గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు అతని తొడ దగ్గర జేబు అదిరినట్టుండేది. తడిమితే జేబు ఖాళీ. ఫోను డబ్బాలో ఉంది. అదరాల్సిన చెయ్యి అదరడం మానేసింది, ఏమీ లేని జేబు అదురుతోంది అనుకునేవాడు.

అవును, డబ్బా మళ్ళీ వచ్చింది. ప్రమోదిని మొదట తన ఫోనే అందులో వేసింది. నియమం పోతుంటే చూస్తూ ఊరుకున్నాను, నాదీ తప్పే అని అందరి ముందూ చెప్పింది. పైఆఫీసుకు ఉత్తరం రాసి, ఫొటోలన్నీ షిఫ్టు అయ్యాక ఒక్కరే ఒకే ఫోనుతో పంపుతామని ఒప్పించింది. ఇళ్ళ నుంచి అవసరమైతే చెయ్యడానికి గోడమీది ఫోను నంబరు అందరికీ ఇచ్చింది. ఆమె ఫోనును తిట్టలేదు. ఆ రోజు డాక్టరును పిలిచిందీ ఫోనే కదా. పని చేసే చేతికి అది అడ్డు రాకూడదంది, అంతే.

నెల తిరిగాక మణిదీప్‌ని తిరిగి మిషన్ల దగ్గరకు రానిచ్చారు. కాని ఒక షరతు పెట్టారు. రామూర్తికి మాత్రం అతను చెయ్యకూడదు, ఆయన ఒప్పుకుంటే తప్ప. మణిదీప్ ఆ పొద్దున ఆయనకు కనబడకుండా చివరి మంచాల వైపు తిరుగుతున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతున్నాడు. రామూర్తి మెడ కదపకుండా నెమ్మదిగా నడిచొచ్చి తూకం దగ్గర ఆగాడు. ఎక్కలేదు. చుట్టూ చూశాడు.

"మణిబాబుని రమ్మనండి" అన్నాడు.

మణిదీప్ వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. ఆయన కాళ్ళ మీద పడదామనుకున్నాడు గాని రామూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు. జగదాంబ ఇష్టం లేనట్టు ముఖం అటు తిప్పుకుంది. ఆమె ఆ రోజును ఇంకా మరిచిపోలేదు, మరిచిపొమ్మని అడిగే హక్కు మనకు లేదు. రామూర్తి కొంతసేపు ఊపిరి తీసుకుని మొదలుపెట్టాడు. గదిలో మిగతా మంచాలవాళ్ళు కూడా చెవులు ఇటే పెట్టారు.

"మా ఊళ్ళో పాపారావని ఉన్నాడు. సూడకుండా ఊ అన్నాడని ఆడ్ని మళ్ళీ సెట్టు కిందకి రానీలేదు మేము. అప్పుడు కుర్రతనం, కోపం. ఇప్పుడనిపిస్తాది, అది తప్పు. ఆడు మళ్ళీ నిలబడుంటే, ఊరు మొత్తం మీద ఆడంత సూసి ఊ అనీవోడు ఇంకోడుండడు. అందుకే నిన్ను రమ్మన్నాను."

మణిదీప్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో చెప్పబోయాడు. రామూర్తి చెప్పనివ్వలేదు.

"నాను మెచ్చుకోడానికి పిలవలేదు, ఇను. సెట్టు మీదున్నోడికి కింద అవుపడదు. ఈ మంచమెక్కినాక నాకూ ఏటీ అవుపడదు. నీ మిసన్లో ఏటి తిరుగుతాదో, ఎంత లాగుతాదో నాకు తెల్దు. నీ నోటి మాటే నాకు కన్ను. ఆవేళ ఇనలేదు మావయ్యా అనుంటే మళ్ళీ సెప్పుందును. నాకేటి బరువు? నువ్వు ఊ అన్నావు."

ఆ చివరి మాట ఆయన గట్టిగా అనలేదు. అయినా మణిదీప్‌కి ఎవరో చెంపమీద కొట్టినట్టే అయింది.

రామూర్తి చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి భార్య చేతికిచ్చాడు. తూకం మీద ఒక కాలు పెట్టి ఆగాడు. మణిదీప్ ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూశాడు. చొక్కా జేబు తడిమి మాత్రల అట్ట బయటికి తీశాడు. మొలలో ఏటైనా ఉందా మావయ్యా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు ఆయన. కాగితం ముందు పేజీ తిప్పి, పోయినసారి అంకె పైకి చదివాడు. అప్పుడు తలెత్తి, ఆయన కళ్ళలోకి చూసి, ఊఁ, ఎక్కండి అన్నాడు.

రామూర్తి రెండో కాలూ ఎత్తి తూకం మీద పెట్టాడు. అంకె ఆగేదాకా ఇద్దరూ దాన్నే చూశారు.

"అదీ ఊ అంటే" అన్నాడు రామూర్తి. "ఏ పనిలో ఉన్నోడికైనా ఇదే సెప్తాను బాబూ. సూడకపోతే సూడలేదని సెప్పు, ఇనకపోతే ఇనలేదని సెప్పు, సిగ్గేటి లేదు. ఊ అన్నాక మాత్తరం, పైనుంచి ఏటి పడినా పూచీ నీదే."